కనిపించని కొనుగోలుదారుకు సరుకు అమ్మే విధం

భిలాయిలో ఒకప్పటి వర్తకుడికి జీతాల రోజు తెలిస్తే చాలు. నేటి వర్తకుడికి దేశమంతా అంగడే. అయితే ఈ అంగడిలో లాభం అమ్మకంలో లేదు, లెక్కలో ఉన్నది.

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని సామెత. ఆన్‌లైన్ అంగళ్లలో సరుకు పెట్టిన చిన్న వర్తకులు అనేకులకు ఈ సామెత అర్థం కొద్ది నెలలలోనే బోధపడుతుంది. ఆర్డర్లు వస్తాయి. పెట్టెలు వెడతాయి. ఇంటిల్లిపాదీ రాత్రి పొద్దుపోయేదాకా కట్టలు కడతారు. తీరా బ్యాంకు ఖాతా చూసుకుంటే, పెట్టిన సొమ్ముకు వచ్చిన సొమ్ముకు పొంతన కుదరదు. తప్పు సరుకులో ఉండదు, ధరలో ఉండదు. పాత అంగడి పద్ధతితో కొత్త అంగడిలో వ్యాపారం చేయడంలో ఉంటుంది.

ఈ తేడాను గ్రహించడానికి భిలాయి కంటె మంచి ఊరు దొరకదు. 1955 ఫిబ్రవరి 2న భారత ప్రభుత్వానికి, సోవియట్ యూనియన్‌కు మధ్య కుదిరిన ఒప్పందం ఫలితంగా దుర్గ్ జిల్లాలో ఉక్కు కర్మాగారం వెలిసింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. కర్మాగారం చుట్టూ సెక్టార్లు ఏర్పడ్డాయి. ఆ సెక్టార్లకు దేశం నలుమూలల నుంచి కార్మికులు వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారూ పెద్ద సంఖ్యలో వచ్చి స్థిరపడ్డారు. సుపేలా, పవర్ హౌస్, సివిక్ సెంటర్ బజార్లు ఆ జీతాల మీదనే పెరిగాయి.

అటువంటి ఊరిలో వర్తకుడి బలం ఖాతా పుస్తకం. ఫలానా క్వార్టర్ వారు ఏ బియ్యం తింటారో, ఎవరి అప్పు ఎప్పుడు తీరుతుందో అతడికి తెలుసు. సరుకులో లోపముంటే సాయంత్రం మార్చి ఇచ్చేవాడు. కొనేవాడికి అమ్మేవాడి ముఖం తెలుసు. అమ్మేవాడికి కొనేవాడి ఇల్లు తెలుసు. ఆ పరిచయమే పెట్టుబడి.

కాలక్రమాన కర్మాగారంలో శాశ్వత ఉద్యోగుల సంఖ్య బాగా తగ్గింది. పదవీ విరమణ చేసిన కుటుంబాలు కొన్ని స్వస్థలాలకు మరలిపోయాయి. ఒకే యజమాని ఇచ్చే జీతాలను నమ్ముకొన్న దుకాణానికి రెండవ దారి వెతుక్కోక తప్పదు. 2007లో ఫ్లిప్‌కార్ట్, 2013లో మన దేశంలో అమెజాన్ అంగడి వచ్చిన తరువాత ఆ రెండవ దారి ప్రతి దుకాణం ముందుకూ వచ్చింది. కాని అక్కడ పరిచయం లేదు. పరిచయం చేసే పనిని మూడు వస్తువులు చేయాలి: సరుకును గురించి మీరు రాసిన మాట, మీరు కట్టిన పెట్టె, మీరు ఉంచుకొన్న లెక్క.

ధర కాదు, చేతికి వచ్చేది చూడండి

దుకాణంలో 400 రూపాయలకు కొన్న చీర 600కు అమ్మితే మిగిలింది 200. ఆన్‌లైన్ అంగడిలో ఆ లెక్క చెల్లదు. అంగడివారి కమీషను, స్థిర రుసుము, రవాణా, అట్టపెట్టె, ప్రకటన ఖర్చు అన్నీ మీ చేతికి రాకముందే తెగిపోతాయి.

ఉదాహరణకు, పన్నులను పక్కన పెట్టి చూద్దాము. చీర అసలు ఖరీదు 400, కమీషను, రుసుములు 80, రవాణా 60, పెట్టె, కాగితం 15. మొత్తం 555. మిగిలింది 45 రూపాయలు. ఈ అంకెలు లెక్క విధానం చూపడానికే. మీ సరుకుకు మీ అంకెలు వేసుకోండి. రుసుములు సరుకు రకాన్నిబట్టి, దూరాన్నిబట్టి మారుతాయి. అప్పుడప్పుడు అంగడివారు వాటిని సవరిస్తారు కూడా. అందుచేత ప్రతి సరుకుకూ ఒక పుట కేటాయించి, మూడు నెలలకొకసారి తిరిగి లెక్క కట్టండి. పక్క వర్తకుడు ధర తగ్గించాడని మీరూ తగ్గించే ముందు ఆ పుట చూడండి. 45 రూపాయలు మిగిలే చోట 50 తగ్గించడం పోటీ కాదు, దానం.

తిరిగివచ్చే సరుకే అసలు ఖర్చు

పై చీరలు పది అమ్మారనుకొందాము. లాభం 450 రూపాయలు. వాటిలో రెండు తిరిగివచ్చాయి. మిగిలిన ఎనిమిదింటి మీద లాభం 360. తిరిగివచ్చిన ప్రతి చీరకు రానుపోను రవాణా 120, పెట్టె 15 మీరే భరించారనుకొంటే, రెండింటికి 270. చివరకు చేతిలో మిగిలింది 90 రూపాయలు. వాటిలో ఒక చీర మరకపడి వస్తే 400 పోయి, మొత్తం మీద 310 రూపాయల నష్టం.

అమ్మకాలు పెంచడం కంటె తిరుగు సరుకును తగ్గించడం ఎందుకు ముఖ్యమో ఈ లెక్కే చెబుతుంది. సరుకు తిరిగి రావడానికి ప్రధాన కారణం నాణ్యత లోపమే కానక్కరలేదు. ఊహించినది ఒకటి, చేతికి వచ్చినది మరొకటి కావడం. కనుక చిత్రాలు పగటి వెలుగులో తీయండి. రంగు తేలికగా కనిపించేటట్లు దిద్దకండి. "పెద్ద సైజు" అని రాయక కొలత సెంటీమీటర్లలో రాయండి. చీరతో జాకెట్టు గుడ్డ లేకపోతే లేదనే రాయండి. చేనేతలో నూలు ముడులు సహజమైతే ఆ మాటా ముందే చెప్పండి. లోపం ముందు చెప్పిన వర్తకుడికి ఆర్డర్లు కొన్ని తగ్గవచ్చు. తిరిగివచ్చే పెట్టెలు అంతకంటె ఎక్కువ తగ్గుతాయి.

పంపేటప్పుడు తూకంతో సహా కట్ట కట్టే దృశ్యాన్ని, తిరిగివచ్చినప్పుడు పెట్టె విప్పే దృశ్యాన్ని ఫోనులో చిత్రించి ఉంచుకోండి. మార్చిన సరుకో, విరిగిన సరుకో వస్తే గడువు లోపల ఫిర్యాదు చేయడానికి అదే సాక్ష్యం. గడువు దాటిన సాక్ష్యానికి విలువ లేదు.

గాలికి కూడా కిరాయి

రవాణాదారులు రెండు బరువులు చూస్తారు. ఒకటి త్రాసు మీది బరువు. రెండవది పెట్టె ఆక్రమించే చోటును బట్టి కట్టే బరువు. సాధారణంగా పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు; రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. 40, 30, 20 సెంటీమీటర్ల పెట్టెకు ఈ లెక్కన 4.8 కిలోలు. అందులో మీరు పెట్టిన సరుకు ఒక కిలో మాత్రమే కావచ్చు. మిగిలిన కిరాయి గాలికి. నాలుగైదు కొలతల పెట్టెలు సిద్ధంగా ఉంచుకొని సరుకుకు తగిన దానినే వాడడం ఖర్చు కాదు, ఆదా.

పట్టా మీది అక్షరాలు

భిలాయి కర్మాగారంలో తయారయ్యే రైలు పట్టా నడుము మీద తయారీదారు గుర్తు, తయారైన కాలం, ఉక్కు రకం ఉబ్బెత్తు అక్షరాలలో ఉంటాయి. ఏళ్ల తరువాత ఎక్కడో ఒక చోట లోపం కనిపించినా, ఆ పట్టా పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలరు. చిన్న వర్తకుడు నేర్చుకోవలసిన పాఠం అదే. ప్రతి పొట్లం మీద తయారీదారు పేరు, చిరునామా, నికర పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదు చేయవలసిన చోటు ఉండాలని తూనికలు, కొలతల చట్టం కింది 2011 నిబంధనలు కోరుతున్నాయి. వాటితోపాటు మీ సొంత దఫా సంఖ్య ఒకటి వేసుకోండి. ఒక దఫా చెడితే దానినే వెనక్కు పిలవవచ్చు, సరుకంతటినీ పారవేయనక్కరలేదు.

వినియోగదారుల రక్షణ కింద 2020లో వచ్చిన ఇ-కామర్స్ నిబంధనలు అంగడి యజమానులకే కాదు, అందులో అమ్మేవారికీ వర్తిస్తాయి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. వర్ణనకు భిన్నమైన సరుకును తిరిగి తీసుకోనని అనరాదు. కొనుగోలుదారు వేషంలో తన సరుకును తానే పొగడుకొంటూ అభిప్రాయాలు రాసుకోవడం నిషిద్ధం. నాణ్యతా ముద్ర తప్పనిసరి అయిన వస్తువులను ముద్ర లేకుండా అమ్మడం మరింత ప్రమాదం. ఐ.ఎస్.ఐ. ముద్ర లేని ప్రెషర్ కుక్కర్లు అమ్ముడుపోనిచ్చినందుకు 2022లో పేరుమోసిన ఆన్‌లైన్ అంగళ్లకే జరిమానాలు పడ్డాయి.

ఆవకాయ పంపదలచితే

ప్రవాసాంధ్ర గృహిణులకు మొదట తట్టే వ్యాపారం ఊరగాయ. రుచి చేతిలో ఉన్నది, కావలసినది కాగితం. ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదై 14 అంకెల సంఖ్య పొంది దానిని సీసా మీద ముద్రించాలి. వేసిన దినుసులు, నిల్వ ఉండే గడువు రాయాలి. చేరేనాటికి గడువులో కనీసం 30 శాతం గాని, 45 రోజులు గాని మిగిలి ఉండేటట్లు చూడాలని 2024 నవంబరులో ఆ సంస్థ ఆన్‌లైన్ అంగళ్లకు సూచించింది.

నూనె ప్రయాణంలో కదులుతుంది. మూత సందు చూసుకొని బయటికి వస్తుంది. మూత కింద మూసివేత రేకు, సీసాకు విడిగా ప్లాస్టిక్ సంచి, చుట్టూ మెత్త, ఆపైన గట్టి అట్టపెట్టె ఉండాలి. ఒక సీసాను ముందు మీ బంధువులకే పంపి, చేరిన తీరు చూడండి. ఆ పరీక్షకు అయ్యే ఖర్చు ఒక సీసా. చేయకపోతే ఎన్ని సీసాలో చెప్పలేము.

తెగిన పన్ను పోయిన సొమ్ము కాదు

అంగడివారు మీకు చెల్లించేటప్పుడు రెండు మినహాయింపులు చేస్తారు. జి.ఎస్.టి. కింద వసూలు చేసేది 2024 జూలై 10 నుంచి 0.5 శాతం, అంతకు మునుపు 1 శాతం. ఆదాయపు పన్ను కింద కోసేది 2024 అక్టోబరు 1 నుంచి 0.1 శాతం. ఈ రెండూ మీ పేర ప్రభుత్వం వద్ద జమపడే సొమ్ములు. మొదటి దానిని మీ జి.ఎస్.టి. నగదు ఖాతాలోకి, రెండవ దానిని మీ ఆదాయపు పన్ను లెక్కలోకి తెచ్చుకోవచ్చు. అడగనివారికి అవి అక్కడే ఉండిపోతాయి. ప్రతి నెలా అంగడివారి పట్టీని, బ్యాంకు పట్టీని, పన్ను పట్టీని పక్కపక్కన పెట్టి సరిచూడండి.

మరొక మాట. 2023 అక్టోబరు 1 నుంచి, పరిమితిలోపు వ్యాపారం ఉన్న చిన్నవారు జి.ఎస్.టి. నమోదు లేకుండానే, ఒక గుర్తింపు సంఖ్య తీసుకొని, సొంత రాష్ట్రంలో ఆన్‌లైన్ అంగడి ద్వారా సరుకులు అమ్మవచ్చు. రాయపూరుకు పంపేవారికి ఇది చాలు. విశాఖపట్నానికో హైదరాబాదుకో పంపాలంటే మాత్రం నమోదు తప్పదు.

కర్మాగారమే కొనుగోలుదారు అయితే

ఉక్కు నగరంలో ఉన్నవారికి మరొక ఆన్‌లైన్ అంగడి ఉన్నది. ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు కొనుగోళ్లు జరిపే గవర్నమెంట్ ఇ-మార్కెట్‌ప్లేస్‌ను 2016లో ప్రారంభించారు. జెమ్ అని వ్యవహారం. భిలాయి కర్మాగారానికి మాతృసంస్థ అయిన స్టీల్ అథారిటీ దానిద్వారా 10,000 కోట్ల రూపాయల కొనుగోళ్లు పూర్తి చేసిన తొలి ప్రభుత్వ రంగ సంస్థగా 2022లో నిలిచింది. ఒకప్పుడు కార్మికుడికి ఉప్పూ పప్పూ అమ్మిన ఊరే నేడు కర్మాగారానికి బోల్టులు, చేతి తొడుగులు, పని బట్టలు అమ్మగలదు. 2024 ఆగస్టు నుంచి 10 లక్షల రూపాయల వరకు విలువగల ఆర్డర్లకు అమ్మకందారు నుంచి లావాదేవీ రుసుము తీసుకోవడం లేదు.

ఇక్కడ మెలకువలు వేరు. టెండరు షరతులన్నీ చదవనిదే ధర వేయకండి. ఆలస్యానికి కోతలు ఉంటాయి. సరుకు అందిన తరువాత అంగీకార పత్రం వెలువడాలి. అది వెలువడిన 10 రోజులలో చెల్లింపు జరగాలని నిబంధన. కనుక సరుకు పంపడంతో పని అయిపోలేదు; పత్రం కోసం వెంటపడడమూ పనిలో భాగమే. అంతవరకు చేతిలో పెట్టుబడి ఆగేటట్లు చూసుకోండి.

ఉద్యమ్ నమోదు ఉచితం, దళారికి డబ్బివ్వకండి. ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్లలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి జరపాలని విధానం. 2006 నాటి చట్టం ప్రకారం వాటికి 45 రోజులలోపు చెల్లించకపోతే, బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ చెల్లించవలసి ఉంటుంది. అయితే ఈ రక్షణలు తయారు చేసేవారికి, సేవలందించేవారికి గాని, కేవలం కొని అమ్మేవారికి కాదు. ఈ తేడా తెలియక పెట్టుబడి ఇరికించుకొంటే కష్టం.

పండుగ ముందు ఒక హెచ్చరిక

దసరా, దీపావళి రోజులలో ఆర్డర్లు వెల్లువెత్తుతాయి. వాటిని చూసి అప్పు తెచ్చి సరుకు నింపడం సులభం. కాని తిరుగు సరుకు పండుగ వెళ్లాక వస్తుంది. అప్పువాడు మాత్రం గడువుకే వస్తాడు. నిరుటి అమ్మకం నుంచి నిరుటి తిరుగు సరుకును తీసివేసి, మిగిలిన దానికి తగినంతే తెప్పించుకోండి. అంగడివారి పేరు చెప్పి ఫోను చేసి రహస్య సంఖ్య అడిగేవారికి ఏ రోజునా జవాబివ్వకండి.

ఉన్న దుకాణాన్ని ఒక్కసారిగా మూసి ఇటు దూకనక్కరలేదు. బాగా తెలిసిన నాలుగు సరుకులతో మొదలుపెట్టండి. ఒక ఏడాది లెక్క చూసి అయిదవది చేర్చండి. పాత ఖాతా పుస్తకం ఇతరుల బాకీని చూపేది. కొత్త లెక్క పుస్తకం మన పొరపాటును చూపుతుంది. దానిని ప్రతి నెలా తెరిచి చూడగల ధైర్యమున్న వర్తకుడికి కొనుగోలుదారు ముఖం కనిపించకపోయినా వ్యాపారం నిలుస్తుంది.