పాత లారీకి తగిన రేడియేటరు

లారీ ముందుభాగమున జాలీ వెనుక నిలిచియుండు రేడియేటరును నీళ్లతొట్టిగా భావించుట మనలో పరిపాటి. తొట్టి పెద్దదైనచో నీరెక్కువ పట్టును, నీరెక్కువైనచో ఇంజను చల్లగా నుండును అని సాధారణమైన తర్కము. ఇందులో కొంత సత్యము లేకపోలేదు. ఎక్కువ నీరు మరుగుటకు మరికొన్ని నిమిషములు పట్టును. కాని ఆ నిమిషములు గడచిన పిదప చిన్న తొట్టికిని పెద్ద తొట్టికిని భేదము లేదు. రేడియేటరు పని నీటిని దాచుట కాదు. ఇంజనులో పుట్టిన వేడిని నీటినుండి గ్రహించి గాలికి అప్పగించుట. ఈ ఒక్క సంగతి మనసున నిలుపుకొన్నచో, పాత లారీకి రేడియేటరు నెన్నుకొనుట కష్టము కాదు.

ఈ ప్రశ్న సంగారెడ్డి జిల్లాలోని హత్నూరవంటి చోట్ల తరచుగా తలయెత్తును. బోరపట్ల, గుండ్లమాచనూరు గ్రామముల కడ ఔషధ కర్మాగారములున్నవి; కొంత దూరములో పటాన్‌చెరువు, పాశమైలారము పారిశ్రామికవాడలున్నవి. సరకు మోయు బండికి పని ఎప్పుడును ఉండును. చట్రము గట్టిగా నుండి ఇంజను మాత్రమే అరిగిపోయిన పాత లారీని పారవేయుటకు యజమానికి మనసొప్పదు. అతడు దానికి మరింత బలమైన ఇంజనును అమర్చగోరును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఇట్టి మార్పునకు రిజిస్ట్రేషను అధికారి అనుమతి కావలెను. అనుమతి లభించి, ఇంజను కూర్చున్న తరువాత, మునుపటి రేడియేటరునే దాని ముందు నిలుపుట పలుచోట్ల జరుగుచుండును. చిక్కు అక్కడనే మొదలగును.

మన దేశపు లారీల చరిత్రనే చూడుడు. టాటా సంస్థ 1954లో జర్మనీ దేశపు మెర్సిడీస్-బెంజ్ సహకారముతో జంషెడ్‌పూరులో లారీల తయారీ ప్రారంభించెను. ఆ ఒడంబడిక 1969 వరకు సాగెను. ఆనాటి లారీ ఇంజను శక్తి సుమారు 100 అశ్వశక్తి. తరువాత వచ్చిన 697 ఇంజను పేరులోనే దాని కొలత యున్నది: 6 సిలిండర్లు, ఒక్కొక్కదాని వ్యాసము 97 మిల్లీమీటర్లు. 1993లో టాటా కమ్మిన్స్ సంస్థ ఏర్పడినది, 5.9 లీటర్ల టర్బో ఇంజను ఆ సంస్థ ద్వారా మన లారీలలో వ్యాపించెను. టర్బో ఇంజను పాతదానికంటె ఎక్కువ గాలిని, దానితోపాటు ఎక్కువ డీజిలును తీసుకొని, ఎక్కువ శక్తిని ఇచ్చును. శక్తితోపాటు వేడియు పెరుగును.

ఎంత పెరుగునో లెక్కింతము. డీజిలు ఇంజనులో చక్రములకు చేరు శక్తిలో సుమారు మూడింట రెండువంతులంత వేడి నీటిలోనికి పోవునని స్థూలముగా అనుకొనవచ్చును. 100 అశ్వశక్తి యనగా సుమారు 75 కిలోవాట్లు. అనగా నీటికి చేరునది 50 కిలోవాట్ల వేడి. దాని స్థానమున 160 అశ్వశక్తి ఇంజను నమర్చినచో, నీటికి చేరు వేడి 80 కిలోవాట్లగును. ఈ వేడిని మోయుటకు నీరు సెకనునకు మూడు కిలోగ్రాములలోపు చాలును. మంచి పంపునకు అది భారము కాదు. కాని ఆ వేడిని అందుకొనవలసిన గాలి 25 డిగ్రీలు వేడెక్కునని అనుకొన్నచో, సెకనునకు సుమారు 3 ఘనమీటర్ల గాలి కావలెను. రేడియేటరు ముఖవైశాల్యము అర చదరపు మీటరైనచో, ఆ గాలి సెకనునకు 6 మీటర్ల వేగమున దూసుకొనిపోవలెను. కనుక కొరత నీటికి కాదు, గాలికి.

గాలి యెంత చల్లగా నున్నదను ప్రశ్నయు ముఖ్యమే. నీటికిని గాలికిని గల ఉష్ణభేదమే రేడియేటరునకు మూలధనము. నీరు 95 డిగ్రీల వేడితో నున్నప్పుడు, జనవరి ఉదయమున గాలి 20 డిగ్రీలున్నచో భేదము 75. మే నెల మధ్యాహ్నమున గాలి 43 డిగ్రీలైనచో భేదము 52 మాత్రమే. అదే రేడియేటరు, అదే ఫ్యాను. వేడిని విడుచు శక్తిలో దాదాపు మూడవవంతు తగ్గిపోవును. అందుచేత రేడియేటరును శీతకాలపు ఉదయమునుబట్టి కాక, మే నెలలో నిండుబరువుతో మెల్లగా గట్టెక్కు గడియనుబట్టి ఎన్నుకొనవలెను. ఆ గడియలో లారీవేగమువలన వచ్చు గాలి యుండదు. ఫ్యాను లాగిన గాలియే ఆధారము.

ఇక ఎన్నికకు వత్తము. మొదట చూడవలసినది ముఖవైశాల్యము. జాలీ వెనుక ఎంత వెడల్పు, ఎంత ఎత్తు దొరకునో కొలిచి, అంతటిని వినియోగించుకొనవలెను. చోటు చాలనప్పుడు గొట్టముల వరుసలు పెంచుట రెండవ మార్గము. కాని దానికి హద్దు కలదు. మొదటి వరుసకు చల్లని గాలి తగులును. నాలుగవ వరుసను చేరునప్పటికి అదే గాలి వేడెక్కియుండును. పైగా మందము పెరిగినకొలది గాలికి అడ్డు పెరుగును. గొట్టముల నడుమనుండు పలుచని రేకులును అట్టివే. వాటిని మరీ దగ్గరగా కూర్చినచో లెక్కలో బలము కనిపించును గాని, పత్తి నూగు, వరిగడ్డి తునకలు, మట్టిదుమ్ము చిక్కుకొని కొన్నివారములలోనే దారి మూసుకొనిపోవును. పల్లెబాటలలో తిరుగు లారీకి అంగుళమునకు సుమారు 10 లేక 12 రేకులున్న రేడియేటరు మేలు.

రెండవది ఫ్యాను. రేడియేటరు చతురస్రము, ఫ్యాను వృత్తము. 70 సెంటీమీటర్ల చతురస్రమునకు 50 సెంటీమీటర్ల ఫ్యాను నమర్చి ఊరకున్నచో, అది ఎదురుగానుండు భాగము మొత్తములో నూటికి 40 వంతులు మాత్రమే. చుట్టును రేకు కవచము బిగించినచో నాలుగు మూలలనుండియు గాలి లాగబడును. పాత లారీకి కొత్త ఇంజను బిగించినప్పుడు ఈ కవచము సరిపడక తొలగించుటయే అనేక ఇక్కట్లకు కారణము. రేడియేటరు కొనుటకు పూర్వమే ఆ రేకును తిరిగి చేయించుట తక్కువ ఖర్చుతో అగు పని. టర్బో గాలిని చల్లార్చు ఇంటర్‌కూలరు రేడియేటరు ముందున్నచో, రేడియేటరునకు చేరు గాలి అప్పటికే వేడెక్కియుండునని కూడ మరువరాదు.

మూడవది లోహము. రాగి వేడిని అల్యూమినియము కంటె ఒకటిన్నర రెట్లకు మించి ప్రసరింపజేయును. కాని రాగి రేడియేటరులో గొట్టములు ఇత్తడివి, అతుకులు సీసము కలిసిన టంకమువి. అందుచే ఆ మేలు పూర్తిగా దక్కదు. అల్యూమినియము తేలిక, గొట్టములను వెడల్పుగా చేయుటకు వీలు. అయితే రాగి, ఇత్తడి రేడియేటరు కారినచో ఊరిలోని మిస్త్రీ టంకము పెట్టి సాయంత్రమునకు అప్పగించును. ప్లాస్టికు తొట్లతో వచ్చు అల్యూమినియపు రేడియేటరు పగిలినచో తరచుగా మార్చుటయే గతి. దారిలో ఆగిన రోజునకు ఎంత నష్టమో ఎరిగిన యజమాని ఈ రెండింటిని తూచి చూచుకొనవలెను.

మూత విషయమున ఒక హెచ్చరిక. పటాన్‌చెరువు ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 545 మీటర్ల ఎత్తున నున్నది. ఇక్కడ మూతలేని పాత్రలోని నీరు 98 డిగ్రీలకే మరుగును. చదరపు అంగుళమునకు 7 పౌండ్ల ఒత్తిడిని నిలుపు మూత ఆ హద్దును సుమారు 110 డిగ్రీలకు పెంచును. ఇది మరుగుటను వాయిదా వేయును గాని, చల్లదనమును పెంచదు. పాత తొట్టి అతుకులకు మించిన ఒత్తిడిగల మూతను పెట్టరాదు. వేడిమీద మూత విప్పుట మరింత ప్రమాదము; ఒత్తిడి తొలగిన క్షణముననే నీరు ఆవిరియై ముఖముమీదికి ఎగజిమ్మును.

ఇంజను వేడెక్కుచున్నదని థర్మోస్టాటును పెరికివేయుట మన డ్రైవర్లలో వాడుక. చాల ఇంజనులలో ఆ కవాటము తెరచుకొన్నప్పుడే నీటికి పక్కదారి మూతబడును. దానిని తీసివేసినచో నీటిలో కొంత రేడియేటరును చేరకయే ఇంజనులోనికి తిరిగివచ్చి, వేడి తగ్గుటకు మారుగా పెరుగును. బోరునీటి వాడుకయు అట్టిదే. అందలి సున్నము గొట్టముల లోపల పొరగట్టును. ఆ పొర ఇత్తడికంటె ఎన్నో రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేయును. ఖనిజములు తొలగించిన నీటిలో తయారీదారు చెప్పిన పాళ్లలో కూలెంటు కలిపి పోయుట ఉత్తమము.

చివరకు పరీక్ష. నిండుబరువుతో బండిని గట్టెక్కించి, పైతొట్టి వేడి నిలకడచెందిన తరువాత ఆ అంకెనుండి గాలి ఉష్ణమును తీసివేయవలెను. గాలి 28, నీరు 96 ఐనచో భేదము 68. ఆ దినమున ఏ ఆపదయు కనబడదు. కాని గాలి 43 డిగ్రీలైన నాడు నీరు 111కు చేరవలసియుండును. అనగా 7 పౌండ్ల మూతయు ఆపలేదు. భేదము 50 దగ్గర నిలిచినచో దుమ్ము పట్టిన నాటికి కూడ కొంత వెసులుబాటు మిగులును. థర్మోస్టాటు పూర్తిగా తెరచుకొనకముందే వేడి నిలకడచెందినచో, రేడియేటరునకు ఇంకను బలము మిగిలియున్నదని అర్థము.

ఈ లెక్కను లక్ష్యపెట్టనిచో మొదట గ్యాస్కెట్టు కాలును, పిదప హెడ్డు పగులును. ఒక్క లారీయే జీవనాధారమైన కుటుంబమునకు అది మరమ్మతు ఖర్చుతో తీరునది కాదు; వారములకొలది కిరాయి పోవును, అప్పు వాయిదా ఆగును. కనుక మిస్త్రీకడకు పోయినప్పుడు పాత రేడియేటరు కొలతను మాత్రమే చెప్పి ఊరకుండరాదు. కొత్త ఇంజను అశ్వశక్తి ఎంత, జాలీ వెనుక చోటు ఎంత, ఫ్యాను వ్యాసము ఎంత, బండి ఏ బాటలో ఎంత బరువుతో నడచును అను నాలుగు సంగతులను కాగితముమీద వ్రాసి తీసుకొనిపోవలెను. ఆ నాలుగింటికి సరిపడునదే తగిన రేడియేటరు.