ఆంగ్లసాహిత్య విద్యయు అమెరికా ప్రవేశమును

ఆంగ్లసాహిత్యమున నున్నతవిద్య నభ్యసించుటకై అమెరికా కేఁగఁగోరు యువతీయువకులు మన కుటుంబములలో నున్నారు. వారి తల్లిదండ్రులకు మేమొక మాట మనవి చేయుచున్నాము: పొలము తాకట్టు పెట్టుటకు ముందు రెండు మార్గముల భేదమును దెలిసికొనుఁడు.

ఎం.ఏ.కుఁ బెక్కుచోట్ల ఫీజు విద్యార్థియే చెల్లింపవలెను. ఆ ఋణమును దీర్పఁగల యుద్యోగములు అరుదు. పిహెచ్.డి.కిఁ జేర్చుకొను ప్రధాన విశ్వవిద్యాలయములు సాధారణముగా ఫీజు మినహాయించి, తరగతులలోఁ బాఠములు చెప్పించుకొని, భృతి నొసఁగును. పెక్కు శాఖలలో ఎం.ఏ. లేకయే దీనికి దరఖాస్తు పెట్టవచ్చును. కాని స్థానములు స్వల్పము. 2020లో కోవిడు వలనఁ గొన్ని శాఖలు ప్రవేశములనే నిలిపివేసినవి.

ఆంగ్లసాహిత్యమునకుఁ బ్రత్యేకముగా నుండిన జి.ఆర్.ఇ. పరీక్ష 2021లో రద్దయినది. ఇప్పుడు మార్కులకంటె బరువైనది, విద్యార్థి స్వయముగా వ్రాసిన 15, 20 పుటల విమర్శవ్యాసము. దానితోఁ బంపు లేఖలో షేక్స్‌పియరుపై భక్తిని జాటిన చాలదు. తాను పరిశోధింపఁదలఁచిన ప్రశ్న యేదో, ఆ శాఖలోనే యేల పరిశోధింపవలెనో చెప్పవలెను. తన్నెఱిఁగిన గురువులనుండి సాధారణముగా మూఁడు సిఫారసు లేఖలు కావలెను. గడువు తఱచుగా డిసెంబరు, జనవరి మాసములలో ముగియును.

కావున, బిడ్డకుఁ బొలమమ్మి యిచ్చు సొమ్ముకంటె, ఆ యిరువది పుటలు చక్కఁగా వ్రాసికొనుటకు ఒక వత్సరము తీరిక నిచ్చుటయే మేలని మా యభిప్రాయము.