క్రోషియా బొమ్మ – ఒక పరిచయము

మన ప్రాచీనులు పేర్కొన్న అరువది నాలుగు కళలలో సూదిపని ఒకటి. సంగీతమునకు సభలున్నవి; మా అడిక్‌మెట్ నుండి చిక్కడపల్లి వరకు నడచినచో త్యాగరాయ గానసభ కనిపించును. కవిత్వమునకు పత్రికలున్నవి. సూదిపనికి మాత్రము ఇంటి గడపయే సభ, ఇంటివారే ప్రేక్షకులు. అందుచేత ఆ కళను గూర్చి నాలుగు మాటలు మన కళాశాల సంచికలో వ్రాయుట అనుచితము కాదని భావించుచున్నాము.

ఈ వ్యాసమునకు ప్రేరణ ఒక చిన్న సంఘటన. మా తరగతిలో ఒక విద్యార్థిని పుస్తకముల సంచి నుండి అరచేతిలో ఇమిడెడి నూలు కుందేలు ఒకటి జారిపడినది. తోటివారు నవ్విరి. ఆమె దానిని గబగబా సంచిలో దాచుకొని, "ఏమీ లేదు సార్, ఖాళీగా ఉన్నప్పుడు అల్లాను" అన్నది. ఆ "ఏమీ లేదు" అను మాట మమ్ములను చాలా దినములు వెంటాడినది. ఎందుకో చివర చెప్పెదము.

క్రోషియా అనగా నేమి?

ఫ్రెంచి భాషలో 'క్రోషే' అనగా చిన్న కొక్కెము. ఆ మాటయే ఉర్దూ ఇండ్లలో క్రోషియాగా, తెలుగు ఇండ్లలో క్రోషాగా స్థిరపడినది. కొన కొక్కెమువలె వంగిన ఒక్క సూది, ఒక్క దారము. ఇంతకు మించిన పరికరములు అక్కరలేదు. స్వెట్టరు అల్లునపుడు రెండు సూదులపై అనేకమైన ఉచ్చులు ఒకేసారి నిలిచియుండును. క్రోషియాలో అట్లు కాదు. సూదిపై సాధారణముగా ఒక్క ఉచ్చే మిగిలియుండును. ఒక కుట్టు పూర్తియైన తరువాతనే మరియొకటి. అందుచేత మధ్యలో పని ఆపి పొయ్యి మీది అన్నము దింపివచ్చినను అల్లిక చెడదు. ఈ విద్య ఇంటి స్త్రీల చేతిలో నిలుచుటకు ఇదియు నొక కారణమని మా నమ్మకము.

మరియొక విశేషము కలదు. 'క్రోషే యంత్రములు' అను పేరుతో కొన్ని యంత్రములున్నను అవి తయారుచేయునది ఈ అల్లికను పోలిన వేరొక వస్త్రము మాత్రమే. బజారులో మీరు చూచెడి క్రోషియా బొమ్మ ఏ దేశము నుండి వచ్చినదైనను ఎవరో ఒకరు చేతితో, కుట్టు వెంట కుట్టుగా అల్లినదే.

టోపీ నుండి బొమ్మకు

నూలుతో అల్లి, లోపల దూది కూరిన చిన్న జంతువుల బొమ్మలను జపాను దేశస్థులు 'అమిగురుమి' అందురు. 'అమి' అనగా అల్లిక. రెండవ భాగము కూరిన బొమ్మను తెలుపు మాట నుండి వచ్చినది. గత రెండు మూడు దశాబ్దములలో ఈ వేడుక ప్రపంచమంతట వ్యాపించినది.

పేరు విదేశీయమైనను పని మనకు కొత్తది కాదు. మసీదులకు పోవువారి తలలపై కనిపించు అల్లిక టోపీని ఒకసారి పరిశీలింపుడు. నడినెత్తిన ఒక చిన్న వలయముతో ప్రారంభమై, చుట్టుచుట్టునకు కుట్లు పెరుగుచు, తలకు సరిపడు వెడల్పు వచ్చిన పిమ్మట పెంపు ఆగి అంచుగా దిగును. టోపీ అక్కడ ముగియును. అక్కడి నుండి కుట్లను మరల తగ్గించుచు పోయినచో అంచు మూసికొని బంతియగును. ఆ బంతియే బొమ్మకు తల. అనగా టోపీ అల్లగలిగిన ప్రతి చేయియు బొమ్మకు సగము దూరము నడచినదే.

ఇందులో దాగిన గణితము

మొదటి చుట్టులో ఆరు కుట్లు, రెండవ చుట్టులో పన్నెండు, మూడవదానిలో పదునెనిమిది. ఇట్లు చుట్టునకు ఆరేసి పెంచుట ఆచారము. ఆరే ఎందుకు? ఒంటి కుట్టు ఎత్తును వెడల్పును దాదాపు సమానము. వృత్తపు వ్యాసార్ధము ఒకటి పెరిగినపుడు చుట్టుకొలత సుమారు 6.28 పెరుగునని మన విద్యార్థులకు తెలిసినదే. ఆరు దానికి దగ్గర సంఖ్య. అందుచే అల్లిక పళ్లెమువలె చదునుగా వచ్చును. పెంపు తక్కువైనచో గిన్నె యగును. ఎక్కువైనచో అంచు కుచ్చెళ్లవలె ముడుతలు పడును. ఈ ముడుతలనే ఆధారము చేసికొని కార్నెల్ విశ్వవిద్యాలయములో డైనా టైమినా అను గణితవేత్త 1997లో హైపర్బోలిక్ తలమును క్రోషియాతో అల్లి చూపించినది. కాగితముతో చేసిన నమూనాలు చిరిగిపోవుచుండగా నూలు ఆ పనిని తీర్చినది.

కుందేలును అల్లు విధము

నాలుగు పోగుల నూలు ఒక ఉండ, 2.5 మిల్లీమీటర్ల సూది, దూది, మొద్దు కొన గల కుట్టుసూది, నల్లదారము సమకూర్చుకొనవలెను. నూలునకు మామూలుగా వాడుదానికంటె సన్నని సూది మంచిది. కుట్లు బిగువుగా ఉండనిచో దూది బయటికి తొంగిచూచును.

ఒంటి కుట్టు వేయుట: సూదిని క్రింది కుట్టులో గుచ్చి, దారమును కొక్కెమునకు తగిలించి ఇవతలికి లాగవలెను. సూదిపై రెండు ఉచ్చులుండును. మరల దారమును తగిలించి ఆ రెండింటి గుండా లాగిన ఒక కుట్టు పూర్తియగును. దీనిని అమెరికా పుస్తకములు సింగిల్ అనియు, బ్రిటిషు పుస్తకములు డబుల్ అనియు పిలుచును. పుస్తకము ఏ దేశపుదో చూడక ఆరంభించినవారు మోసపోవుదురు.

తల: దారమును వ్రేలికి ఉంగరమువలె చుట్టి, అందులో ఆరు కుట్లు వేసి, కొసను లాగి రంధ్రమును మూయవలెను. తరువాతి చుట్లలో 12, 18, 24, 30, 36 వరకు పెంచవలెను. ఒకే కుట్టులో రెండు కుట్లు వేయుటయే పెంపు. పిమ్మట ఆరు చుట్లు 36 చొప్పుననే అల్లి, తరువాత 30, 24, 18, 12, 6గా తగ్గించవలెను. చుట్టు మొదలు తెలియుటకు వేరొక రంగు దారపు ముక్కను గుర్తుగా పెట్టుకొనవలెను. తగ్గించునపుడు రెండు కుట్ల ముందరి పోగులలోనికి మాత్రమే సూదిని గుచ్చి ఒక్కటిగా కలిపినచో సందు కనబడదు. నోరు మూసికొనకముందే దూది కూరుట మరువరాదు.

మొండెము: 30 వరకు పెంచి, ఆరు చుట్లు సమముగా అల్లి, 24తో రెండు చుట్లు, 18తో ఒక చుట్టు వేసి మెడవద్ద తెరచియే ఉంచవలెను. చెవులు రెండు: 6, 12, ఆపై 12తో ఎనిమిది చుట్లు, దూది కూరక చదును చేయవలెను. కాళ్లు చేతులు నాలుగు: 6, 12, ఆపై 12తో ఐదు చుట్లు. తోక: 6, 12, 12, 6. అన్నింటిని మొదట గుండుసూదులతో నిలిపి, నాలుగు వైపుల నుండి చూచి, తరువాతనే కుట్టవలెను. కుందేలు ముఖము నవ్వుచున్నదా, బెదరుచున్నదా అనునది చెవులను అతికించు చోటుపై ఆధారపడియుండును.

రెండు హెచ్చరికలు. పసిపిల్లల బొమ్మకు గుండీలు, పూసలు కన్నులుగా పెట్టరాదు. ఊడి గొంతులో పడు ప్రమాదమున్నది. నల్లదారముతో కుట్టుటయే క్షేమము. బూరుగు దూది తేలికయైనను ఉతికినపుడు గడ్డకట్టును. ఉతకవలసిన బొమ్మకు పాలిస్టరు దూది మేలు.

నరసాపురము నేర్పు పాఠము

ఇప్పుడొక చిన్న లెక్క. పై కుందేలులో తల 432 కుట్లు, మొండెము 336, చెవులు 228, కాళ్లు చేతులు 312, తోక 36, మొత్తము 1,344. నిమిషమునకు పది కుట్లు వేయు చేతికి అల్లుటకే రెండుంబావు గంటలు పట్టును. కూరుట, కుట్టుట వేరు. బజారులో దీనిని బేరమాడునపుడు మనము నూలు వెలను మాత్రమే ఊహింతుము, గంటలను లెక్కింపము.

ఈ లెక్కింపకపోవుట వెనుక పెద్ద చరిత్ర కలదు. గోదావరి తీరమున నరసాపురము ప్రాంతములో స్కాట్లండు నుండి వచ్చిన మెక్రే దంపతులను మిషనరీలు 1844 ప్రాంతమున స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరని చెప్పుదురు. అది క్రమముగా వేలాది ఇండ్లకు ప్రాకి, విదేశములకు ఎగుమతియగు పరిశ్రమ అయినది. ఏజెంటు నూలు తెచ్చి యిచ్చును; ఒకరు పువ్వులల్లుదురు, మరియొకరు అతుకుపని చేయుదురు; సరుకు ఎచ్చటికి పోవునో అల్లినవారికి తెలియదు.

జర్మనీకి చెందిన సమాజశాస్త్రవేత్త మరియా మీస్ అచ్చట పరిశోధించి 1982లో ప్రకటించిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అను గ్రంథములో ఈ స్థితిని విపులముగా వివరించినది. ఇంటిపని గాక రోజుకు ఆరెనిమిది గంటలు అల్లుచున్న స్త్రీలను అందరును గృహిణులనిరి. వారి పనిని తీరిక వేళ కాలక్షేపమనిరి. కాలక్షేపమునకు కూలి ఎవరడుగుదురు? ఆ ఒక్క మాట చాటున కూలి అత్యల్పముగా నిలిచినది. నరసాపురపు క్రోషే లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. అది సంతోషకరమే. గుర్తింపు ఊరి పేరుతో ఆగిపోక అల్లిన చేతివరకు చేరవలెనని మన కోరిక.

మా ఇంటి మాట

నరసాపురము దూరమని అనుకొనవద్దు. అడిక్‌మెట్ గల్లీలో మా అమ్మీ రంజానుకు మూడు నెలల ముందునుండియే టోపీలల్లెడివారు. ఒక దుకాణమువారు డజనుకింతయని ఇచ్చెడివారు. ఆ పైకము ఒక రేకు డబ్బాలో పడెడిది. మా ఎం.ఏ. పరీక్ష రుసుము ఆ డబ్బాలో నుండియే వచ్చినది. ఎవరైనను అడిగినచో అమ్మీ, "ఖాలీ బైఠ్‌కే కర్నే కా కామ్" అనెడివారు, అనగా ఊరక కూర్చుండి చేయు పని. మేము కళాశాల ప్రవేశపు దరఖాస్తులో 'తల్లి వృత్తి' అనుచోట "ఏమీ లేదు" అని వ్రాసితిమి. డబ్బాలోని పైకముతో కొన్న కలముతోనే వ్రాసియుందుము.

ఆ విద్యార్థిని నోట ఆ మాటయే విన్నప్పుడు తలెత్తి చూడలేకపోతిమి.

ఈ వ్యాసములోని కుట్ల సంఖ్యలను అమ్మీచేత సరిచూపించితిమి. వారు వ్రేళ్లతో లెక్కించి, అంతయు సరియే కాని చెవులు పొట్టివని, ఇంకను రెండు చుట్లు వేయవలెనని సెలవిచ్చిరి. పాఠకులు అట్లే చేయుదురుగాక.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. వార్షిక ప్రదర్శనలో చేతిపనులను ఉంచునపుడు ప్రతి వస్తువు చెంత దానికి పట్టిన గంటలను గూడ వ్రాసి పెట్టించవలెను. విద్యార్థినీ విద్యార్థులారా, మీ ఇండ్లలో ఎవరు ఏమి అల్లుచున్నారో, కుట్టుచున్నారో ఈ సెలవులలో అడిగి తెలిసికొనుడు. క్రోషియాలో ఒక సుగుణమున్నది. లెక్క తప్పినచో దారము లాగి విప్పి, అదే నూలుతో మరల అల్లవచ్చును. మేము ఆనాడు దరఖాస్తులో వ్రాసిన మాటను ఇప్పుడు విప్పలేము. మీ దరఖాస్తులలో ఆ గడిని సరిగా నింపుటకు మీకింకను వ్యవధి యున్నది.