థండర్‌బర్డ్ అప్‌డేట్ అయ్యాక క్యాలెండర్ యాడ్-ఆన్ ఆగిపోయిందా? లినక్స్‌లో ముందు చూడాల్సింది ఇదీ

లినక్స్‌లో థండర్‌బర్డ్ వాడేవాళ్ళు నన్ను అడిగే డౌట్లలో మెయిల్ గురించి చాలా తక్కువ. ఎక్కువ భాగం క్యాలెండర్ గురించే. "నిన్నటిదాకా బాగానే ఉంది, పొద్దున అప్‌డేట్ అయింది, ఇప్పుడు యాడ్-ఆన్ పనిచేయట్లేదు." దాదాపు అందరి మాటా ఇదే.

నేను ఉండేది శంషాబాద్‌లో. 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్ మొదలైనప్పటి నుంచి ఈ చుట్టుపక్కల రాళ్ళగూడ, సాతంరాయి దాకా అద్దె రూముల్లో ఉండేవాళ్ళలో చాలామందివి షిఫ్ట్ డ్యూటీలే. ఒక వారం పగలు, ఒక వారం అర్ధరాత్రి. డ్యూటీ రోస్టర్ మారుతూనే ఉంటుంది. వీళ్ళకి క్యాలెండర్ అంటే బర్త్‌డేలు గుర్తుపెట్టుకునే యాప్ కాదు, అందులో ఒక ఎంట్రీ తప్పితే ఒక రోజు జీతం గోవిందా. కార్గోలో పనిచేసే ఒక తమ్ముడు ఉబుంటు 22.04 నుంచి 24.04కి అప్‌గ్రేడ్ చేసుకుని, సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. "అన్నా, రోస్టర్ మొత్తం ఖాళీ అయింది. ఇయ్యాల రాత్రి డ్యూటీ ఉందో లేదో కూడా తెల్వట్లేదు" అన్నాడు. ముందు ఫోన్‌లో గూగుల్ క్యాలెండర్ తెరిచి చూపించాను. డేటా మొత్తం అక్కడ భద్రంగా ఉంది. పోయింది దాన్ని ల్యాప్‌టాప్‌లో చూపించే దారి మాత్రమే. మీకూ ఇలా అయితే ముందు ఈ ఒక్కటి చూసుకోండి, సగం టెన్షన్ పోతుంది.

క్యాలెండర్ యాడ్-ఆన్‌లే ఎందుకు ఆగిపోతాయి?

ఇది తెలిస్తే మిగతాదంతా ఈజీ. థండర్‌బర్డ్‌లో మొదట క్యాలెండర్ ఉండేది కాదు. 'లైట్నింగ్' అనే యాడ్-ఆన్ విడిగా వేసుకోవాల్సి వచ్చేది. దాంట్లో మామూలు స్క్రిప్ట్‌తో పాటు కంపైల్ చేసిన బైనరీ భాగం కూడా ఉండేది కాబట్టి థండర్‌బర్డ్ వెర్షన్‌కి అది సరిగ్గా సరిపోవాలి. థండర్‌బర్డ్ 31కి లైట్నింగ్ 3.3, 45కి 4.7, 52కి 5.4, 60కి 6.2. ఒకటి అటూ ఇటూ అయితే క్యాలెండర్ ట్యాబే మాయం. లినక్స్‌లో ఇంకో తలనొప్పి ఏంటంటే, డిస్ట్రోలు లైట్నింగ్‌ని వేరే ప్యాకేజీగా ఇచ్చేవి. మెయిల్ ప్యాకేజీ ముందు అప్‌డేట్ అయి, క్యాలెండర్ ప్యాకేజీ వెనక పడితే అంతే సంగతులు. 2015లో వచ్చిన 38వ వెర్షన్ నుంచి లైట్నింగ్‌ని థండర్‌బర్డ్‌తో పాటే ఇవ్వడం మొదలుపెట్టారు. 2020 జులైలో వచ్చిన 78 నుంచి అది యాడ్-ఆన్ కానే కాదు, థండర్‌బర్డ్‌లో పూర్తిగా కలిసిపోయింది.

కాబట్టి సెర్చ్‌లో దొరికే పాత గైడ్ ఏదైనా "లైట్నింగ్ ఇన్‌స్టాల్ చేయండి" అంటే వెంటనే మూసేయండి. అది ఇప్పటి మెషీన్‌కి పనికొచ్చే సలహా కాదు.

మరి ఇప్పుడు వచ్చే గొడవ ఏంటి? అదే 78వ వెర్షన్‌తో పాత తరహా యాడ్-ఆన్‌లకి సపోర్ట్ ఆపేశారు. కొత్త పద్ధతిలో యాడ్-ఆన్‌లు కొన్ని నిర్దిష్టమైన ఏపీఐల ద్వారానే మాట్లాడాలి. మెయిల్, అడ్రస్ బుక్ లాంటి వాటికి ఆ ఏపీఐలు బాగానే ఉన్నాయి. క్యాలెండర్ ఏపీఐ మాత్రం ఏళ్ళ తరబడి ప్రయోగ దశలోనే నడిచింది. అందుకే క్యాలెండర్‌ని తాకే యాడ్-ఆన్‌లు 'ఎక్స్‌పెరిమెంట్' అనే పక్కదారిలో నేరుగా థండర్‌బర్డ్ లోపలి కోడ్‌లోకి చెయ్యి పెడతాయి. లోపలి కోడ్ మారినప్పుడల్లా ఆ చెయ్యి తెగుతుంది. 2023లో 115 వచ్చినప్పుడు ఇంటర్‌ఫేస్ చాలా మారింది, 2024లో 128 వచ్చేనాటికి లోపలి మాడ్యూల్ ఫైళ్ళ తీరే మారింది. ప్రతి జులైలో పెద్ద వెర్షన్ వచ్చాక క్యాలెండర్ యాడ్-ఆన్‌లు మూలుగుతాయంటే కారణం ఇదే, డెవలపర్ బద్ధకం కాదు.

ఏ యాడ్-ఆన్ ఈ రకమో కనిపెట్టడం తేలిక. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు థండర్‌బర్డ్‌కీ మీ కంప్యూటర్‌కీ పూర్తి యాక్సెస్ కావాలని పర్మిషన్ అడిగితే అది ఎక్స్‌పెరిమెంట్ వాడుతోందన్నమాట. వచ్చే పెద్ద అప్‌డేట్‌కి అది ఆగే ఛాన్స్ ఎక్కువ అని అప్పుడే అనుకోండి.

మీరు తెరిచింది ఏ థండర్‌బర్డ్?

లినక్స్‌లో ఇది చాలామంది అడగని ప్రశ్న. ఒకే ల్యాప్‌టాప్‌లో డెబ్, స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అని మూడు థండర్‌బర్డ్‌లు ఉండొచ్చు. మూడింటికీ ఐకాన్ ఒకటే, ప్రొఫైల్ ఫోల్డర్లు మాత్రం వేరు. డెబ్ ప్రొఫైల్ హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉండే '.థండర్‌బర్డ్'లో ఉంటుంది. స్నాప్‌ది హోమ్‌లోని 'స్నాప్' ఫోల్డర్ లోపల, ఫ్లాట్‌ప్యాక్‌ది దాగి ఉండే '.వర్' ఫోల్డర్ లోపల. ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్ హెచ్ నొక్కితే దాగినవి కనిపిస్తాయి.

ఉబుంటు 24.04 నుంచి థండర్‌బర్డ్ స్నాప్‌గానే వస్తుంది. ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేసినా వచ్చేది స్నాపే, ఆప్ట్ చూపించే ప్యాకేజీ వెర్షన్‌లోనే 'స్నాప్' అనే మాట ఉంటుంది. అప్‌గ్రేడ్‌లో పాత ప్రొఫైల్ కాపీ అయినా, ఆ తర్వాత ఒకదాంట్లో చేసిన మార్పు రెండోదానికి తెలియదు. లినక్స్ మింట్‌లో అయితే ఇప్పటికీ డెబ్ వస్తుంది.

చూడాల్సిన చోటు ఒక్కటే: హెల్ప్ మెనూలో 'ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్'. అందులో వెర్షన్, ప్రోగ్రామ్ ఎక్కడి నుంచి నడుస్తోంది, ప్రొఫైల్ ఎక్కడుంది, ఏ యాడ్-ఆన్‌లు ఆన్‌లో ఉన్నాయి, అన్నీ ఒకే పేజీలో ఉంటాయి. వెర్షన్ చివర 'ఈఎస్ఆర్' అని ఉంటే మీది ఏడాదికోసారి పెద్దగా మారే రకం. లేకపోతే నెలనెలా మారే రకం. 2025 మార్చి నుంచి థండర్‌బర్డ్ సైట్‌లో డిఫాల్ట్ డౌన్‌లోడ్ నెలవారీదే. క్యాలెండర్ యాడ్-ఆన్ మీద బతికేవాళ్ళకి నా సలహా ఈఎస్ఆర్. కొత్త ఫీచర్లు లేట్‌గా వస్తాయి, రానివ్వండి.

తర్వాత హెల్ప్‌లోనే ఉండే 'ట్రబుల్‌షూట్ మోడ్'లో తెరవండి. యాడ్-ఆన్‌లన్నీ ఆగిపోయి థండర్‌బర్డ్ ఒక్కటే లేస్తుంది. అప్పుడు లోకల్ క్యాలెండర్ మామూలుగా కనిపిస్తే తప్పు యాడ్-ఆన్‌ది. అప్పుడూ ఖాళీగా ఉంటే మీరు వేరే ప్రొఫైల్‌లో ఉన్నారేమో చూడండి.

ఇంకా ఏ యాడ్-ఆన్‌నీ ముట్టుకోకముందే ఒక పని చేయండి. థండర్‌బర్డ్‌ని మూసి, ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ తీసిపెట్టండి. దాంట్లో 'క్యాలెండర్-డేటా' అనే ఫోల్డర్‌లో 'లోకల్.ఎస్‌క్యూలైట్' అనే ఫైల్ ఉంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉన్న క్యాలెండర్ అంతా ఆ ఒక్క ఫైల్‌లోనే. గూగుల్‌లో ఉన్నది మళ్ళీ దిగుతుంది, ఇది మాత్రం పోతే పోయినట్టే. "పాత వెర్షన్‌కి వెళ్ళిపోతే సరి" అనుకునేవాళ్ళకి కూడా ఇదే మాట. కొత్త వెర్షన్ వాడిన ప్రొఫైల్‌ని పాత థండర్‌బర్డ్ తెరవనంటుంది, కొత్త ప్రొఫైల్ పెట్టుకోమంటుంది. ఆ అడ్డుని బలవంతంగా దాటించే ఆప్షన్ ఉంది కానీ క్యాలెండర్ ఉన్న ప్రొఫైల్ మీద నేనైతే వాడను.

యాడ్-ఆన్ అసలు అవసరమా?

ఆ తమ్ముడు వాడేది 'ప్రొవైడర్ ఫర్ గూగుల్ క్యాలెండర్'. లైట్నింగ్ మీద ఏళ్ళుగా పనిచేసిన ఫిలిప్ కెవిష్ రాసిన యాడ్-ఆన్ ఇది. ఒకప్పుడు థండర్‌బర్డ్‌లో గూగుల్ క్యాలెండర్ అంటే ఇదే. కానీ ఇప్పటి థండర్‌బర్డ్‌కి క్యాల్‌డావ్ ద్వారా నేరుగా గూగుల్‌తో మాట్లాడటం వచ్చు. 'న్యూ క్యాలెండర్' నొక్కి, 'ఆన్ ద నెట్‌వర్క్' ఎంచుకుని, జీమెయిల్ ఐడీ ఇచ్చి, లొకేషన్ ఖాళీగా వదిలేసి 'ఫైండ్ క్యాలెండర్స్' నొక్కండి. గూగుల్ లాగిన్ విండో వస్తుంది. లాగిన్ మధ్యలో తిరుగుతూ ఆగిపోతే థండర్‌బర్డ్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో కుకీలు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. చాలాసార్లు దోషం అక్కడే.

దీంట్లో ఒక లోటు ఉంది. గూగుల్ క్యాల్‌డావ్‌లో ఈవెంట్లు మాత్రమే వస్తాయి, గూగుల్ టాస్క్స్ రావు. టాస్క్స్ తప్పనిసరి అయితే యాడ్-ఆన్ ఉంచుకోవాల్సిందే, దాని కొత్త వెర్షన్ వచ్చేదాకా ఆగాల్సిందే. రోస్టర్ కోసం అయితే ఈవెంట్లు చాలు. మా తమ్ముడికి యాడ్-ఆన్ తీసేసి ఇదే పెట్టాం, పావుగంట పని.

పాత క్యాలెండర్ ఎంట్రీని తీసేటప్పుడు మాత్రం జాగ్రత్త. థండర్‌బర్డ్ 'అన్‌సబ్‌స్క్రైబ్', 'డిలీట్' అని రెండు బటన్లు చూపించొచ్చు. అన్‌సబ్‌స్క్రైబ్ అంటే ఈ ల్యాప్‌టాప్‌లో చూపించడం ఆపుతుంది. డిలీట్ అంటే సర్వర్‌లో ఉన్నది కూడా పోవచ్చు. తీయకుండా రెండూ ఉంచేస్తే ప్రతి డ్యూటీకి రెండు రిమైండర్లు మోగుతాయి.

ఒకవేళ మీ యాడ్-ఆన్‌కి ప్రత్యామ్నాయం లేకపోతే, దాని పేజీలో అన్ని వెర్షన్ల లిస్ట్ తెరవండి. ఏ వెర్షన్ ఏ థండర్‌బర్డ్ దాకా పనిచేస్తుందో అక్కడ రాసి ఉంటుంది. యాడ్-ఆన్ ఎక్స్‌పీఐ ఫైల్ నిజానికి ఒక జిప్. లోపలి 'మేనిఫెస్ట్.జేసన్'లో కనిష్ఠ, గరిష్ఠ వెర్షన్లు ఉంటాయి. గరిష్ఠ నంబర్ మార్చేసి ఇన్‌స్టాల్ చేసే ట్రిక్ ఒకటి తిరుగుతోంది. ఇన్‌స్టాల్ అయితే అవుతుంది. కానీ అది బస్సు బోర్డు మార్చినట్టే. పుష్పక్ బస్సుకి వేరే రూట్ బోర్డు పెడితే రోడ్డు మారదు కదా. పైగా పూర్తి యాక్సెస్ ఉన్న కోడ్, తనకి తెలియని ఇంటర్నల్స్ మీద మీ క్యాలెండర్ డేటాతో ఆడుకుంటుంది. టెస్ట్ ప్రొఫైల్‌లో సరదాకి చేయండి, అసలు ప్రొఫైల్‌లో వద్దు.

రోస్టర్ ఐసీఎస్ లింక్ అయితే

కొన్ని ఆఫీసులు రోస్టర్‌ని ఐసీఎస్ లింక్‌గా ఇస్తాయి. దాన్ని గూగుల్‌లో వేసి, గూగుల్‌ని థండర్‌బర్డ్‌లో చూడటం కంటే లింక్‌ని నేరుగా థండర్‌బర్డ్‌కే ఇవ్వడం మంచిది. గూగుల్ అలాంటి లింక్‌లని రిఫ్రెష్ చేయడానికి గంటల తరబడి టైమ్ తీసుకుంటుంది. థండర్‌బర్డ్‌లో డిఫాల్ట్ 30 నిమిషాలు, క్యాలెండర్ ప్రాపర్టీస్‌లో తగ్గించుకోవచ్చు కూడా. పెన్‌డ్రైవ్‌లో వచ్చిన ఐసీఎస్ ఫైల్ స్నాప్ థండర్‌బర్డ్‌కి కనిపించకపోతే, ముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి అక్కడి నుంచి ఇంపోర్ట్ చేయండి. స్నాప్ కట్టడి వల్ల వచ్చే ఇబ్బంది అది, ఫైల్ పాడైపోలేదు.

దారి మార్చాక అర్ధరాత్రి ఎంట్రీ ఒకటి తప్పకుండా సరిచూడండి. విమానాల లెక్కలు యూటీసీలో నడుస్తాయి, మన టైమ్ దానికి ఐదున్నర గంటలు ముందు. 15వ తేదీ తెల్లవారుజామున 1:15 డ్యూటీ యూటీసీలో 14వ తేదీ 19:45. ఐసీఎస్ ఫైల్‌లో టైమ్ చివర 'జెడ్' అక్షరం ఉంటే థండర్‌బర్డ్ దాన్ని యూటీసీగా తీసుకుని మన టైమ్‌కి మారుస్తుంది. ఆ జెడ్ లేకుండా అదే 19:45 రాసి ఉంటే లోకల్ టైమ్ అనుకుని 14వ తేదీ రాత్రి 7:45కి చూపిస్తుంది. తేదీ కూడా మారిపోతుంది. ఇది యాడ్-ఆన్ గొడవలా కనిపిస్తుంది కానీ కాదు. ఫైల్‌ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి ఒక్క ఎంట్రీ చూస్తే తేలిపోతుంది. ఫైల్ బాగానే ఉండి, టైమ్ తేడా వస్తుంటే థండర్‌బర్డ్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ 'ఏషియా/కోల్‌కతా' ఉందో లేదో చూడండి.

ఇక రిమైండర్లు. థండర్‌బర్డ్ తెరిచి ఉంటేనే మోగుతాయి. మూసేసినా, ల్యాప్‌టాప్ మూత వేసి స్లీప్‌లో పెట్టినా నిశ్శబ్దమే. నైట్ డ్యూటీకి లేపాల్సిన అలారం మాత్రం ఫోన్‌లోనే పెట్టుకోండి.