నాలుగు కోళ్ళు, నాలుగు మళ్ళు



మీర్‌ఆలం మండీకి వెళ్ళి సంచీ నిండా కూరలు తెచ్చుకుంటాం. తొక్కలూ, ముదురాకులూ చెత్తబుట్టలో పారేస్తాం. ఆ చెత్తే గుడ్లుగా, ఎరువుగా, మళ్ళీ కూరలుగా మన వంటింటికి తిరిగి వస్తుందంటే వింతగా లేదూ? షాలిబండ, గౌలిపుర, లాల్‌దర్వాజా వైపు పాత ఇళ్ళలో అక్కడక్కడ ఇంకా నడిమి వాకిలి మిగిలి ఉంది. ఈ మాటలు ఆ వాకిలి ఉన్నవారి కోసం. మిద్దె మాత్రమే ఉన్నవారు కోళ్ళ జోలికి పోకుండా కుండీలలో ఆకుకూరలు వేసుకుంటే చాలు.

మొదట నాలుగు పెట్టలు చాలు. పుంజు లేనిదే పెట్ట గుడ్డు పెట్టదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పుంజు పిల్లల కోసమే కావాలి, గుడ్డుకు అక్కర్లేదు. తెల్లవారుజామున కూసి ఇరుగుపొరుగును లేపే బాధా తప్పుతుంది. మన రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని వనరాజా, గ్రామప్రియ అనే రకాలను తయారుచేసింది. గుడ్లు ముఖ్యమనుకునేవారికి గ్రామప్రియ బాగుంటుంది.

నాలుగింటికి నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గూడు సరిపోతుంది. అడుగున రెండు మూడు అంగుళాల మందాన వరి ఊక పరచండి. పిల్లులూ, పందికొక్కులూ దూరకుండా సన్న జాలీ కొట్టించండి. మేతకు జొన్నలు, నూకలు, తవుడు, కూరల తొక్కలు వేయవచ్చు. గుడ్డు పెంకులను ఎండబెట్టి నలిపి కలిపితే పెంకు గట్టిపడుతుంది. ఉప్పు ఎక్కువైన కూర, బూజు పట్టిన పల్లీలు మాత్రం వేయకండి. ఎండాకాలంలో మట్టి మూకుడులో చల్లని నీళ్ళు పెట్టి, గూటి మీద తడి గోనెపట్టా కప్పాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. మొదటి ఏడాది నేను ఆరు పెట్టలు పెంచాను. ఒకనాడు ఒకటి ముడుచుకుని కూర్చుంది. ఆకుపచ్చగా పారింది, మెడ మెలి తిరిగింది. వారం తిరగకుండా ఆరూ పోయాయి. అది కొక్కెర తెగులు. దానినే రాణీఖేత్ అంటారు. 1927-28 ప్రాంతంలో మన దేశంలో ఉత్తరాది కొండల్లోని రాణీఖేత్‌లో గుర్తించడంతో ఆ పేరు వచ్చింది. వచ్చాక మందు లేదు, రాకుండా టీకా ఉంది. పిల్లలకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్క వేయించాలి. రెండో నెల నిండేసరికి సూది వేయించాలి.

టీకా గురించి నాకు తెలియక కాదమ్మా. చిన్న సీసాలో కూడా నూరు కోళ్ళకు సరిపడే మందు ఉంటుంది. కలిపిన గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. ఆరు కోళ్ళకు అంత మందెందుకని ఊరుకున్నాను. పక్కింటి ఖాలా నా గోడు విని, “మావీ అట్లే పోయినయి బేటీ. ఈసారి గల్లీ అంతా కలిసి వేయిద్దాం” అన్నది. ఇప్పుడు పది ఇళ్ళవాళ్ళం ఒకే రోజు, చల్లటి వేళ వేయిస్తాం. ఐసు వేసిన ఫ్లాస్కులో సీసా తెస్తాం. ఖర్చు పంచుకుంటాం. మీరూ అలాగే చేయండి. నా ఒక్కదాని కోళ్ళకు టీకా వేయించి, పక్కింటి వాటిని వదిలేస్తే గల్లీలో తెగులు తిరుగుతూనే ఉంటుంది.

ఒకేసారి నాలుగైదు కోళ్ళు చనిపోతే మాత్రం వండుకోవద్దు, మోరీలో పారేయవద్దు. పశువైద్యశాలలో చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మరచిపోకూడదు. గూడు శుభ్రం చేశాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

పెంట విషయంలోనూ నేను దెబ్బ తిన్నాను. పచ్చి పెంట టమాటా మొక్కల మొదట్లో వేస్తే మొక్కలు మాడిపోయాయి. కోడిపెంటకు వేడెక్కువ. గూటి ఊకను ఎండుటాకులతో కలిపి, కాస్త తడిపి, మూత వేసి మూడు నెలలు మాగనివ్వండి. అందులో బూడిద గాని సున్నం గాని కలపకండి, సారమంతా ఘాటు వాసనై గాలిలో పోతుంది. పచ్చిగా తినే కొత్తిమీరకు బాగా మాగిన ఎరువే వాడాలి.

మళ్ళలో తోటకూర చల్లితే నెల లోపే కోతకు వస్తుంది. పాలకూర, మెంతికూర కూడా తొందరగా వస్తాయి. తొలకరికి గోడవారన చిక్కుడు గింజ పెట్టండి. పాత రకాలు పొద్దు తగ్గితేనే పూత పడతాయి. భాద్రపదంలో పూత లేదని తీగ పీకేయకండి. మళ్ళ చుట్టూ వల కట్టకపోతే మొలకలన్నీ కోళ్ళే గీకేస్తాయి. సాయంత్రం పూట కోసేసిన మడిలోకి వదిలితే పురుగులు ఏరుకుంటాయి.

దీనితో బజారు ఖర్చంతా తప్పుతుందని చెప్పను. పిల్లల కంచంలోకి రోజూ ఒక గుడ్డు, గుప్పెడు ఆకుకూర వస్తాయి. కోళ్ళు తెచ్చుకునే ముందు పక్కింటి తలుపు తట్టి, టీకా మాట మాట్లాడుకుని మొదలుపెట్టండి.