పాత ఫోర్‌వీల్ బండి కొనేముందు లో గేరు పరీక్ష

హోసూరు నుండి డెంకణికోట, అంచెట్టి వైపు కొండదారుల పక్కన తోటలూ చేలూ ఉన్నవారికి నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి విలాసం కాదు. వానకు మట్టిదారి నానిందంటే మామూలు కారు ఊరి చివరే ఆగిపోతుంది. కొత్త బండి ధర అందరికీ అందదు కనుక చాలామంది పాత జిప్సీ కోసమో, పాత థార్ కోసమో వెతుకుతుంటారు. 1985లో మొదలైన మారుతీ జిప్సీ అమ్మకం 2019 నాటికి మార్కెట్టులో ఆగిపోయింది. ఇక అది కావాలంటే పాతదే కొనాలి. అటువంటి బండిని నడిపి చూసేటప్పుడు లో రేంజిని ఎలా వాడాలి, వాడితే ఏం తెలుస్తుంది అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

మొట్టమొదట బండిలో ఆ సౌకర్యం ఉందో లేదో చూడండి. థార్ అనగానే ఫోర్‌వీల్ అనుకోనక్కరలేదు. 2023 జనవరిలో వెనుక చక్రాలకే శక్తి అందే థార్ కూడా వచ్చింది. పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. ఫోర్‌వీల్ జీపులో మామూలు గేరు రాడ్డు పక్కన ఇంకొక పొట్టి రాడ్డు ఉంటుంది. దాని మీద సాధారణంగా 2 హెచ్, 4 హెచ్, ఎన్, 4 ఎల్ అని గుర్తులుంటాయి. 2 హెచ్‌లో రెండు చక్రాలకూ, 4 హెచ్‌లో నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది. ఎన్ అంటే న్యూట్రల్. 4 ఎల్ అన్నదే మనం చెప్పుకునే లో రేంజి. తెలుగులో 'లో' అంటే లోపల అని అర్థం కాబట్టి మా పిల్లలు ఈ మాట విని నవ్వుతారు. ఇది తక్కువ అనే అర్థంలో వాడే ఇంగ్లీషు మాట.

ఈ తక్కువ దేనికి? వేగానికి. థార్‌లో లో రేంజి నిష్పత్తి దాదాపు రెండున్నర. అంటే ఒక గేరులో, ఇంజను ఒకే వేగంతో తిరుగుతూ, మామూలుగా గంటకు 20 కిలోమీటర్లు పోయే బండి లో రేంజిలో 8 కిలోమీటర్లే పోతుంది. వేగం ఎంత తగ్గిందో చక్రాలను తిప్పే బలం ఇంచుమించు అంత పెరుగుతుంది. కొండ మీద గుడికి నిట్టనిలువుగా ఎక్కేవాడు త్వరగా అలసిపోతాడు, చుట్టుదారిలో పోయేవాడు ఆలస్యంగానైనా బరువు మోసుకుపోగలడు. ఇదీ అటువంటిదే. అయితే ఒక అపోహ తొలగించుకోవాలి. లో రేంజి బండికి బలాన్ని ఇస్తుంది కానీ టైర్లకు పట్టును ఇవ్వదు. బురదలో మొదటి గేరు వేసి యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే చక్రాలు తిరిగి గొయ్యి తీసుకుంటాయి, అంతే. అక్కడ లో రేంజిలోనే రెండవ గేరు వేసి నెమ్మదిగా పోనివ్వడం మేలు.

ఇప్పుడు పరీక్ష ఎక్కడ చెయ్యాలన్న సంగతి. నా అభిప్రాయంలో సగం పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద వలయంలోనూ, వెనుక చక్రాలు చిన్న వలయంలోనూ పోతాయి. జిప్సీ, థార్ వంటి బండ్లలో ఫోర్‌వీల్ వేయగానే ముందు ఇరుసూ వెనుక ఇరుసూ ఒకే వేగంతో తిరిగేట్టు ముడిపడతాయి. మట్టిమీద అయితే టైర్లు కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటాయి. ఎండిన తారురోడ్డు మీద జారలేవు. ఆ మెలి అంతా ఇరుసుల్లో, పళ్ళచక్రాల్లో పేరుకుంటుంది. స్టీరింగు బిగుసుకుంటుంది, బండి కుప్పిగంతులు వేసినట్లు కదులుతుంది, రాడ్డు వెనక్కి రాదు. అది చూసి మంచి బండిని చెడ్డదనుకుని వదిలేసేవారున్నారు. అలాగే బలవంతంగా తిప్పి, బాగున్న బండిని చెడగొట్టేవారూ ఉన్నారు. అందుచేత అమ్మే మనిషిని ముందే అడగండి: "అన్నా, ఫోర్‌వీల్ మట్టిలోనే చూడాలి. దగ్గరలో బీడు గానీ, మట్టిదారి గానీ ఉందా?" అందుకు ఒప్పుకోనివారి బండిని నేనైతే కొనను.

మా తోటి ఉపాధ్యాయులొకరు మామిడితోట కోసం ఒక పాత జీపు కొన్నారు. భవిష్యనిధి నుండి తీసిన సొమ్ము. అమ్మినవారు తారురోడ్డు మీద రాడ్డు లాగి, డాష్‌బోర్డులో దీపం వెలగడం చూపించి, "చూడండి సార్, భేషుగ్గా ఉంది" అన్నారు. మొదటి వానకు తోట దారిలో వెనుక చక్రాలు మాత్రమే తిరిగి బండి కూరుకుపోయింది. దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. రాడ్డు కదిలిందనే దీపం చెబుతుంది, ముందు చక్రాలు పని చేస్తున్నాయని కాదు. చాలా జిప్సీలలో ముందు చక్రాల మధ్య చేత్తో తిప్పే హబ్బులుంటాయి. వాటిని ఫ్రీ నుండి లాక్‌కు తిప్పితేనే ఆ చక్రాలకు శక్తి అందుతుంది. పరీక్షకు ముందు దిగి రెండువైపులా తిప్పి చూడండి. తుప్పు పట్టి తిరగకపోతే అది కూడా ఒక సమాచారమే.

మట్టినేల చేరాక ముందు నాలుగు టైర్లూ చూడండి. ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి, లేకపోతే నేరుగా పోతున్నా మెలి పడుతుంది. బండిని పూర్తిగా ఆపండి. క్లచ్ తొక్కి, మామూలు గేరును న్యూట్రల్‌లో పెట్టి, పొట్టి రాడ్డును తడబడకుండా ఒకే ఊపులో 4 ఎల్‌కు తీసుకుపోండి. కొన్ని బండ్లలో రాడ్డును కిందికి నొక్కి లాగాలి. పడకపోతే గుద్దవద్దు. పళ్ళు ఎదురెదురుగా వచ్చి ఉంటాయి. రాడ్డును వెనక్కి తెచ్చి, బండిని ఒక అడుగు కదిలించి ఆపి, మళ్ళీ ప్రయత్నించండి. రెండు మూడుసార్లకు పడితే దోషం కాదు. కదులుతున్న బండిలో ఇది చేస్తే పళ్ళు కరకరమని అరిగిపోతాయి.

ఇక్కడ ప్రాణాపాయం ఒకటి ఉంది, గట్టిగా చెబుతున్నాను. పొట్టి రాడ్డు మధ్యలో ఎన్ దగ్గర ఆగితే ఇంజనుకూ చక్రాలకూ సంబంధమే ఉండదు. మామూలు గేరు వేసి ఉన్నా బండి దొర్లిపోతుంది. ఆటోమేటిక్ బండి 'పి'లో ఉన్నా నిలవదు. అందుకే ఈ రాడ్డును వాలు మీద ఎప్పుడూ మార్చవద్దు, చదును నేల మీదనే మార్చాలి, హ్యాండ్‌బ్రేకు వేసి ఉండాలి. బండి ముందు పిల్లలను నిలబెట్టవద్దు.

లో రేంజి పడ్డాక హ్యాండ్‌బ్రేకు తీసి, మొదటి గేరులో క్లచ్ నెమ్మదిగా వదలండి. యాక్సిలరేటరు తొక్కకుండానే బండి మనిషి నడకతో సమానంగా కదలాలి. ముందుకూ వెనక్కూ కాసేపు పోనివ్వండి. ఒక సన్నని కూత వినిపిస్తుంది, అది సహజం. కరకర శబ్దం గానీ, యాక్సిలరేటరు వదిలి తొక్కిన ప్రతిసారీ గట్టిగా టక్కుమని దెబ్బ గానీ వస్తే మెకానిక్‌ను పిలవాలి. తడిమట్టి దొరికితే తెలిసినవారిని దూరంగా పక్కన నిలబెట్టి, ముందు చక్రాలు కూడా మట్టి చిమ్ముతున్నాయా అని చూడమనండి. దీపంకన్నా ఆ సాక్ష్యం గట్టిది.

తరువాత, కింద చదునుగా ముగిసే చిన్న వాలు ఎంచుకోండి. పైన చదును మీదే లో రేంజి వేసి, రెండవ గేరులో, యాక్సిలరేటరు మీద నుండి కాలు తీసి దిగండి. క్లచ్ తొక్కవద్దు, కాలు బ్రేకుకు దగ్గరలో ఉంచుకోండి. ఇంజనే బండిని పట్టి ఉంచాలి. పళ్ళు అరిగిన బండిలో ఈ సమయంలో పొట్టి రాడ్డు తనంతట తాను ఊడి న్యూట్రల్‌కు వస్తుంది. బండి ఒక్కసారిగా తేలికై జోరందుకుంటుంది. వెంటనే బ్రేకు వేసి ఆపండి. "చేత్తో పట్టుకుంటే చాలు సార్, ఊడదు" అంటారు. అంచెట్టి దారిలో ఒక చెయ్యి స్టీరింగుకూ, ఒక చెయ్యి ఆ రాడ్డుకూ ఇస్తే గేరు ఎవరు మారుస్తారు? ఈ లోపమున్న బండిని, ట్రాన్స్‌ఫర్ కేసు విప్పి బాగుచేయించే ఖర్చు ధరలో తగ్గించనిదే తీసుకోవద్దు. "ఫోర్‌వీల్ ఎప్పుడూ వాడలేదు" అనే మాటకు కూడా మురిసిపోకండి. ఏళ్ళ తరబడి కదలని రాడ్డు కీళ్ళు బిగుసుకుపోతాయి, సీళ్ళు ఎండుతాయి.

పరీక్ష అయ్యాక మట్టిమీదనే చదునుచోట ఆగి, రాడ్డును 2 హెచ్‌కు మార్చండి. రాకపోతే బండిని నేరుగా నాలుగడుగులు వెనక్కి నడిపితే మెలి వదిలి వస్తుంది. చేత్తో తిప్పే హబ్బులుంటే రెండింటినీ ఫ్రీకి తిప్పండి. తారురోడ్డు ఎక్కే ముందు ఒకసారి కిందికి వంగి, మధ్యలో ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు చుట్టూ కొత్తగా ఆయిలు చెమ్మ కనిపిస్తోందేమో చూడండి. ధర గురించి మాట్లాడవలసింది ఆ తరువాతే.