చేతి గేరా? ఆటోమేటిక్ గేరా?

కుటుంబమునకు కారు కొనవలెనని తలపెట్టిన ఇండ్లలో నేడు తరచు ఒక చర్చ జరుగుచున్నది. గేరు చేతితో మార్చు కారు మేలా? తానే మార్చుకొను ఆటోమేటిక్ కారు మేలా? ధరను గూర్చియు, సుఖమును గూర్చియు అందరును మాటాడుదురు. అసలు గేరుబాక్సు చేయు పని యేమియో తెలిసినచో ఈ చర్చ కొంత సులభమగును. అందుకు ఉన్నత పాఠశాలలో నేర్పు భౌతికశాస్త్రమే చాలును.

పెట్రోలు ఇంజనుకు పుట్టుకతోనే ఒక లోపము కలదు. నిలిచియున్న స్థితినుండి అది బరువును లాగలేదు. ఆవిరి ఇంజను లాగగలదు, విద్యుత్ మోటారు లాగగలదు. పెట్రోలు ఇంజను నిమిషమునకు సుమారు 800 చుట్లయినను తిరుగుచుండవలెను. అంతకు బాగుగా తగ్గినచో ఆగిపోవును. 6000 చుట్లను చాల మించి తిరుగుట దానికి క్షేమము కాదు. ఇక చక్రము మాట చూతము. చిన్న కారు చక్రపు చుట్టుకొలత సుమారు 1.8 మీటర్లు. కారు గంటకు 10 కిలోమీటర్ల వేగముతో పోవునపుడు చక్రము నిమిషమునకు 93 చుట్లు తిరుగును. 100 కిలోమీటర్ల వేగమున 926 చుట్లు తిరుగును. ఈ రెంటికిని ఇంజనుకును పొత్తు కుదుర్చునదే గేరుబాక్సు.

మొదటి గేరులో ఇంజను 14 చుట్లు తిరిగిన చక్రము ఒక చుట్టు తిరుగుననుకొందము. 10 కిలోమీటర్ల వేగమున ఇంజను 1300 చుట్లు తిరుగుచుండును. అయిదవ గేరులో ఆ నిష్పత్తి 3.2 అయినచో, 100 కిలోమీటర్ల వేగమున ఇంజను 2960 చుట్లు తిరుగును. ఇంజను రెండు వేళలందును సుఖముగనే యున్నది. మొదటి గేరులో వేగము 14 వంతులు తగ్గినది గనుక త్రిప్పు బలము ఘర్షణ వలన పోవునది పోగా దాదాపు 14 రెట్లు పెరుగును. పెద్ద బండను గునపముతో పెకలించువాడు చేయునదియు ఇదియే. చేయి ఎక్కువ దూరము కదలును, బండ కొంచెమే కదలును, కాని కదలును.

గేరు మార్చునపుడు ఇంజనును చక్రములనుండి క్షణకాలము విడదీయవలెను. చేతి గేరు కారులో ఆ పని ఎడమకాలి క్రింది క్లచ్ చేయును. పూర్వము వేర్వేరు వేగములతో తిరుగు పళ్ళచక్రములను కలుపుట పెద్ద విద్య. గరగరమను చప్పుడు రాకుండ గేరు వేసినవాడే డ్రైవరు. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో పళ్ళు కలియుటకు ముందే వేగములను సమము చేయు సింక్రోమెష్ అను ఏర్పాటు వచ్చిన పిదప ఆ కష్టము తీరినది.

ఆటోమేటిక్ కథకు మూలము ఓడలలో నున్నది. జర్మనీ దేశపు ఇంజనీరు హెర్మన్ ఫొటింగర్ ఓడల టర్బైనుల శక్తిని ద్రవము ద్వారా పంపు ఉపాయమును కనిపెట్టి 1905లో పేటెంటు పొందెను. దీనిని తరగతిలో చూపుట కష్టము కాదు. రెండు టేబిలు ఫ్యానులను ఎదురెదురుగా దగ్గరగా ఉంచి, ఒకదాని ప్లగ్గు ఊడదీసి, రెండవదానిని నడపుడు. గాలి తాకిడికి ప్లగ్గులేని ఫ్యానుకూడ తిరుగనారంభించును. దానిని వెనుకనుండి అట్టముక్కతో ఆపినను మొదటి ఫ్యాను ఆగిపోదు. కారులో గాలికి బదులు నూనె ఉండును. సిగ్నలు వద్ద కారు నిలిచినను ఇంజను ఆగకుండుటకు కారణమిదే. 1939లో ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చిన హైడ్రామాటిక్ గేరుబాక్సులో ఇట్టి ద్రవపు జోడింపే ఉండెను. తరువాత వచ్చిన టార్కు కన్వర్టరులో రెండు చక్రముల నడుమ మూడవదొకటి నిలిచి, తిరిగివచ్చు నూనెను మళ్ళించును. అందువలన బయలుదేరునపుడు త్రిప్పు బలము రమారమి రెండు రెట్లగును.

ఫ్యానుల ప్రయోగములో విద్యార్థులు మరొకటి గమనింపవలెను. రెండవ ఫ్యాను ఎన్నడును మొదటిదానితో సమానముగా తిరుగదు. ఆ వెనుకబాటులో పోయిన శక్తి కారులో నూనెను వేడిచేయును. ఆటోమేటిక్ కారు పెట్రోలు ఎక్కువ త్రాగునను పాత మాటకు ఇది ఆధారము. అది ఆనాడు నిజమే. ఇప్పటి కార్లలో వేగము కుదిరిన పిమ్మట రెండు భాగములను గట్టిగా బిగించు క్లచ్ ఉండుట చేతను, గేర్ల సంఖ్య పెరుగుట చేతను ఆ తేడా చాలవరకు తగ్గినది.

మన దేశములో 2014లో మారుతి సెలేరియోతో వ్యాప్తిలోనికి వచ్చిన ఎ.ఎం.టి. రకములో ద్రవపు జోడింపే లేదు. అది చేతి గేరుబాక్సే. క్లచ్ నొక్కుట, గేరు మార్చుట అను పనులు మోటార్లు గాని నూనె ఒత్తిడి గాని చేయును. గేరు మారునపుడు తలయూచినట్లు అనిపించుటకు కారణము ఆ క్షణమున చక్రములకు శక్తి అందకుండుటయే. ఎత్తురోడ్డుపై ఇట్టి కారును బ్రేకు వేయక యాక్సిలరేటరుతో నిలిపియుంచువారు క్లచ్‌ను కాల్చుకొనుచున్నారని తెలియవలెను.

ఇక అసలు భేదము. ఆటోమేటిక్ గేరుబాక్సునకు కారు వేగము తెలియును, కాలు ఎంత నొక్కినదియు తెలియును. ఎదుటి మలుపు తెలియదు, మలుపు దాటిన పిదప వచ్చు వాలు తెలియదు. జరిగినదానిని కొలిచి అది గేరు నిర్ణయించును. మనిషి జరుగబోవుదానిని చూచి నిర్ణయించును. నగరవీధిలో ఈ భేదము లెక్కకు రాదు. కొండ దిగునపుడు వచ్చును.

తిరుమల నుండి దిగు కారును తీసికొందము. ఆ పాత ఘాట్ రోడ్డు 1944లో తెరవబడినది. దిగు ఎత్తు సుమారు 700 మీటర్లు. మనుష్యులు, సామానుతో కారు బరువు 1400 కిలోగ్రాములనుకొన్నచో, అది కోల్పోవు స్థితిజశక్తి 1400 × 9.8 × 700, అనగా సుమారు 96 లక్షల జౌళ్ళు. ఈ శక్తితో 33 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి మరుగు స్థితికి తేవచ్చును. కొంత గాలికిని, టైర్ల రాపిడికిని పోవును. మిగిలినదానిని బ్రేకులే భరించినచో ఆ వేడియంతయు కొద్దిపాటి ఇనుములోను, బ్రేకు ప్యాడ్లలోను చేరవలెను.

ప్యాడ్లు మితిమీరి కాగినపుడు వాటి ఘర్షణ తగ్గును. అంతకంటె భయంకరమైనది బ్రేకు ఆయిలు మరుగుట. డాట్ 3 రకపు ఆయిలు కొత్తదైనచో 205 డిగ్రీల వరకు మరుగరాదని ప్రమాణము. కాని అది గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన ఆయిలుకు ప్రమాణము 140 డిగ్రీలే. మరిగినచో గొట్టములలో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నొక్కుడు పడదు గనుక పాస్కల్ నియమము ప్రకారము ఒత్తిడిని చక్రమునకు చేర్చుచుండెను. ఆవిరి నొక్కుడు పడును. పెడలు నేలకంటును, కారు ఆగదు.

తక్కువ గేరులో దిగినచో ఈ భారములో పెద్దభాగమును ఇంజను మోయును. యాక్సిలరేటరు వదలినపుడు పెట్రోలు ఇంజనుకు గాలిదారి మూసుకొనును. పిస్టనులు ఆ ఖాళీకి ఎదురుగా లాగవలెను; ఆ శ్రమయే కారును పట్టి ఉంచును. న్యూట్రల్‌లో దిగినచో ఇంధనము మిగులునను భ్రమ మనలో ఇంకను ఉన్నది. నేటి ఇంజనులలో గేరులో ఉండి యాక్సిలరేటరు వదలినపుడు ఇంధనము పూర్తిగా ఆగును. న్యూట్రల్‌లోనే ఇంజను తిరుగుటకై కొంత ఖర్చగును. పట్టుడు ఉండదు, లాభమును ఉండదు.

చేతి గేరు కారులో డ్రైవరు వాలుకు ముందే రెండవ గేరులోనికి వచ్చును. ఆటోమేటిక్ కారు, కాలు తీయగానే బరువు తగ్గినదని తలచి పై గేరునకు పోవచ్చును. వాలును పసిగట్టు ఏర్పాటు కొన్ని కొత్త కార్లలో కలదు. అది లేనప్పుడు ఎల్, 2, లేదా మైనస్ గుర్తుగల స్థానములను మనమే ఉపయోగింపవలెను. కారు కొని సంవత్సరములు గడచినను ఆ గుర్తులు ఎందుకున్నవో తెలియనివారు అనేకులు. అందుచేత నా అభిప్రాయము ఇది: నిత్యము రద్దీలో నడపువారికి, మోకాలి నొప్పిగల పెద్దలకు ఆటోమేటిక్ నిజమైన ఉపకారము. ఆ గుర్తులు నేర్చుకొన్నవారు దానితో కొండ కూడ క్షేమముగా దిగవచ్చును. తరచు అరకు, శ్రీశైలము వంటి దారులలో నిండు బరువుతో పోవు కుటుంబమునకు, ఇంట నడపువారందరికిని క్లచ్ అలవాటున్నచో, నేను చేతి గేరునే చెప్పుదును. ధరకూడ సాధారణముగా తక్కువ.

విద్యుత్ కార్లలో ఈ ప్రశ్నయే రాదు. మోటారు నిలిచిన స్థితినుండే లాగును గనుక సాధారణముగా ఒకే నిష్పత్తి చాలును. దిగునపుడు మోటారే జనరేటరై బ్యాటరీని నింపును. అయితే కొండపైననే బ్యాటరీని పూర్తిగా నింపి బయలుదేరినచో ఆ విద్యుత్తు చేరుటకు చోటుండదు. అట్టి వేళ మోటారు పట్టుడు తగ్గి, మొదటి మలుపులలో భారము మరల బ్రేకులపైననే పడును.